అత్తయ్యగారు బేరమాడిన జీపు

నా కొలతలమ్మకి,

ఇక్కడ నేను, మీ అమ్మగారు, మీ అమ్మగారి దగ్గు, ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నీ నదీ ఒకరి మాట ఒకరు వింటూ కుదురుగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం నాడు మీ కేంద్రానికి సామాన్లు చేర్చే లారీ డ్రైవరు దుకాణానికి తెచ్చి ఇచ్చాడు. దారిలో తడిసి, మళ్ళీ ఆరి, రేకులా బిరుసెక్కి ఉంది. మీ అమ్మగారికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆ తర్వాత దుకాణం తలుపు ఓరగా వేసి నా కోసం ఇంకోసారి చదువుకున్నాను. గుండీలు కుట్టించుకోవడానికి వచ్చినావిడ తలుపు తోసి, "ఏమయ్యా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. బావుందనే చెప్పాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వెనక గది కిటికీ ఇంకా కారుతూనే ఉంది. కింద బకెట్టు పెట్టాం. వాన పడితే ఆ చప్పుడుకి మీ అమ్మగారికి హాయిగా నిద్ర పడుతోందట, బాగుచేయించొద్దంటున్నారు. లాయరుగారు కోటు తీసుకెళ్ళలేదు. ఆయన లావెక్కుతూనే ఉన్నారు, నేను పక్కలు విప్పుతూనే ఉన్నాను. మీ అమ్మగారి కంటి ఆపరేషన్ కాలేదు. దగ్గుతూ ఉంటే కంటి మీద కత్తి పెట్టనన్నాడు డాక్టరు. దగ్గు తగ్గాకే రమ్మన్నాడు. దగ్గరివి బాగానే కనిపిస్తున్నాయి ఆవిడకి. వీధి చివర నించున్న మనిషి మాత్రం ఆడో మగో తెలియడం లేదు. ఆ సంగతి ఒప్పుకోరనుకో. "ఆ వచ్చేది పోస్టుమాన్ కదూ" అంటారు. అది కరెంటు స్తంభం.

నీ చివరి ప్రశ్న ఒకటుంది. ఇంకో ఏడాది ఉండమని పైవాళ్ళు అడుగుతున్నారనీ, నేను వద్దంటే వచ్చేస్తాననీ రాశావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. తప్పించుకుంటున్నానని అనుకుంటావు. తప్పించుకుంటున్న మాట నిజమే. కానీ రాస్తాను.

ఇప్పుడు కాస్త కూర్చుని చదువు. మనం ఒక జీపు కొన్నాం.

నవ్వు, పరవాలేదు. సైకిలు మీద వెళ్తూ సందు మలుపు రాగానే దిగి నడిపించుకుపోయే మనిషి జీపు కొన్నాడంటే ఎవరైనా నవ్వుతారు. అది నాకంటే వయసులో పెద్దది. ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండేదట. తలుపులు లేవు. డ్రైవరు కాళ్ళ దగ్గర రేకు తుప్పు పట్టి రంధ్రం పడింది, అందులోంచి కింద రోడ్డు వెనక్కి పరిగెత్తడం కనిపిస్తుంది. మీ అమ్మగారు ఆ రంధ్రం మీద మన వంటింటి పాత పళ్ళెం ఒకటి పరిచారు. అయినా ఇంజను మాత్రం గట్టిది. నాలుగు చక్రాలూ ఒకేసారి తిరిగే గేరు వేస్తే ఎంత బురదలోనైనా గొణుక్కుంటూ ఎక్కేస్తుంది.

అది మన ఇంటికి ఎలా వచ్చిందో చెబుతాను. వానలు మొదలవకముందు ఒక పెద్దాయన చంకలో గుడ్డ మూట పెట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. ఆయన సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాడు. మూటలో ఉన్నది జీపు పైకప్పు, మందపాటి డేరా గుడ్డ. నాలుగు చోట్ల చిరిగింది.

"ఇది కుడతావా?" అన్నాడు.

"నేను కోట్లు కుట్టేవాణ్ణండీ. దీనికి నా సూదులు ఆగవు."

"ఆగేలా చూడు. బండి అమ్మేస్తున్నా. చిరిగిన టోపీతో పంపడం నాకిష్టం లేదు."

ఆ మాటకి పడిపోయాను. తీసుకున్నాను. లోపలి అతుకులు చేత్తోనే కుట్టాను, బొటనవేలికి తొడుగు వేసుకుని. కుడుతున్నంతసేపూ ఆ గుడ్డలోంచి పెట్రోలూ, తడి మట్టీ, ఎండిన ఆకులూ కలిసిన వాసన వచ్చేది. నువ్వు మొదటి సెలవుకి వచ్చినప్పుడు నీ సంచీలోంచి అచ్చం అదే వాసన వచ్చింది. నీకు గుర్తుందో లేదో, ఆ సంచీ ఉతకొద్దని నేను గొడవ చేశాను. నీ దగ్గరికి రావాలంటే బస్సు క్వారీ దాకానే వస్తుంది. అక్కణ్ణించి మీ లారీ తప్ప ఇంకేదీ పోదు, ఆ లారీ సామాన్లనే తప్ప మనుషుల్ని ఎక్కించుకోదు. ఈ గుడ్డ కప్పుకునే బండి మాత్రం పోతుంది కదా అనిపించింది.

మీ అమ్మగారికి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ చెప్పులు వేసుకుని, "పద, చూద్దాం" అన్నారు.

మీ అమ్మగారు ఉద్యోగం చేసినంతకాలం అంబులెన్సు నడిపారని నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఆవిడ బండి కొనడం నువ్వు చూసి ఉండవు. పెద్దాయన గేటు తీయగానే ఆవిడ నమస్కారం పెట్టి, జీపు చుట్టూ తిరక్కుండా, రంగు చూడకుండా, నేరుగా వెళ్ళి బానెట్టు మీద అరచెయ్యి ఆనించారు.

"వేడిగా ఉందే! మేమొచ్చేముందు ఒకసారి స్టార్టు చేశారా?"

పెద్దాయన తడబడ్డాడు. "ఊరికే, వేడెక్కితే బాగుంటుందని..."

"చల్లగా ఉన్నప్పుడు అది మీ మాట వింటుందో లేదో నాకు కావాలండీ. రేపు పొద్దున్న వస్తాం. అంతవరకు ముట్టుకోకండి" అని నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగారు. గేటు దాకా వచ్చాక నాతో మెల్లిగా, "నీ మొహంలో ఆ ఆశ కాస్త దాచుకో బాబూ, బేరం చెడుతుంది" అన్నారు.

మర్నాడు అది మూడు దగ్గులు దగ్గి అందుకుంది. మీ అమ్మగారు దాని పక్కనే నించుని తనూ దగ్గారు. "మా ఇద్దరికీ ఒకే జబ్బు. దీన్నీ పట్టుకెళ్దాం" అన్నారు.

కానీ పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. అంతకుముందు ఇద్దరొచ్చారట. ఒకతను హోటల్ ముందు నిలబెట్టి అందులో పూలమొక్కలు పెంచుతానన్నాడు. ఇంకొకతను పెద్ద పెద్ద టైర్లు వేసి ఊళ్ళో తిప్పుకుంటానన్నాడు. ఇద్దర్నీ పంపేశాడు. "నాకు మోకాళ్ళు పోయాయి, క్లచ్ తొక్కలేకపోతున్నా. లేకపోతే అమ్మను. నువ్వెందుకు కొంటున్నావో చెప్పు" అన్నాడు నాతో.

"మా ఆవిడ నదికి అవతల ఉంటుందండీ. నీటిమట్టం కొలిచే కేంద్రంలో ఉద్యోగం. అక్కడికి బస్సు లేదు."

ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టి, మీ అమ్మగారు చెప్పిన ధరకి తలూపేశాడు. ఇంటికి రంగు వేయిద్దామని మనం దాచినదే ఇచ్చేశాను. గోడలు ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటాయి. బయల్దేరేముందు పెద్దాయన, "వీధి చివరిదాకా నేనూ కూర్చుంటా" అని ఎక్కి కూర్చున్నాడు. మీ అమ్మగారు నడిపారు, అంత దగ్గరివి కనిపిస్తాయి కదా. వీధి చివర దిగి, డాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టి, నాతో ఒకే మాట చెప్పాడు: "నీళ్ళు అడ్డమొస్తే ముందు నువ్వు దిగి నడిచి చూడు. నువ్వు నడవలేని నీళ్ళలో దీన్ని దించకు." తర్వాత వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నా చదువు మొదలైంది. మూతబడ్డ మిల్లు ఆవరణలో రోజూ పొద్దున్నే పాఠం. నువ్వు చిన్నప్పుడు లెక్కలు తప్పు చేస్తే మీ అమ్మగారు ఎలా ఉండేవారో నాకు చెప్పావు. అది చాలా తక్కువ చేసి చెప్పావు.

"గేరు వైపు చూడకు! కళ్ళు రోడ్డు మీద పెట్టు, గేరు చేతికి తెలుస్తుంది. నువ్వు సూది వైపు చూస్తూ కుడతావా?"

"చూస్తానండీ."

"అయితే నీ కుట్లు కూడా ఇంతే ఉంటాయి."

ఒకరోజు గేటు దగ్గర పిల్లి అడ్డొచ్చిందని ఆపితే, అది దాటి, గోడెక్కి, అవతలికి దూకినా నేను కదల్లేదు. ఆవిడ సీటులో వెనక్కి వాలి, "నా అంబులెన్సుకి నువ్వు డ్రైవరువైతే పేషెంటు దిగి నడిచి వెళ్ళిపోయేవాడు బాబూ" అన్నారు. లైసెన్సు రెండోసారికి వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చాక ఆవిడ నా టీలో చెంచాడు పంచదార ఎక్కువ వేశారు.

టీ అంటే గుర్తొచ్చింది. పొద్దున్న ఇప్పటికీ ముగ్గురికి సరిపడా నీళ్ళు పోసేస్తున్నాను. ఎంత జాగ్రత్తగా ఉందామనుకున్నా చెయ్యి దానంతటదే పోస్తుంది. మిగిలినది వృథా ఎందుకని మీ అమ్మగారు తాగేస్తారు. డాక్టరేమో టీ తగ్గించమన్నాడు. అందుకని నువ్వు ఇక్కడ లేకపోవడం ఆవిడ ఆరోగ్యానికీ మంచిది కాదని నా అభిప్రాయం. సాయంత్రాలు దుకాణం మూసి నడిచొస్తుంటే మన మేడ మెట్ల కింద ఆగిపోతాను. పైన నువ్వు పుస్తకాలు సర్దుతున్న చప్పుడు వస్తే ఎలా ఉంటుందో ఒక క్షణం అనుకుని, అప్పుడు ఎక్కుతాను. రోజూ అనుకుంటాను. ఇలాంటివి ఉత్తరంలో రాయకూడదని ఇన్నాళ్ళూ రాయలేదు.

ఇదంతా చదివి నీకిప్పటికే ఒక అనుమానం వచ్చి ఉంటుంది. నీకు రాకపోతే ఎవరికొస్తుంది. ఇక దాచను.

నీ ఉత్తరం మూడో పేజీలో రాశావు: "మొన్న నది పొంగిన రోజు ఎవరో బుద్ధిలేనివాళ్ళు ఒక డొక్కు జీపు తెచ్చి రాళ్ళరేవులో దింపబోయారు. నేను ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తకపోతే కొట్టుకుపోయేవాళ్ళే. ఇలాంటివాళ్ళకి ఇంట్లో చెప్పేవాళ్ళెవరూ ఉండరా?"

ఉన్నారు. నదికి అవతలి ఒడ్డున ఉన్నారు.

ఆ బుద్ధిలేనివాళ్ళం మేమే. నేనూ, మీ అమ్మగారూ.

నీకు చెప్పకుండా వచ్చి ఎదురుగా నిలబడాలనుకున్నాం. తెల్లారగానే బయల్దేరాం. క్వారీ దాటేదాకా ఎండగానే ఉంది. కొండ ఎక్కుతుంటే చినుకులు మొదలయ్యాయి. మీ అమ్మగారు ముందు సీటులో కూర్చుని, ఒక చేత్తో పైకడ్డీ పట్టుకుని, "ఎడమకి రాయి ఉంది చూడు" అంటూనే ఉన్నారు. ఆవిడకి కనిపించదు. చక్రం ఎగిరినప్పుడు నడుముకి తెలిసేది, అప్పుడు చెప్పేవారు. నేను కుట్టిన పైకప్పు ఒక్క చోటే కారింది. సరిగ్గా నా తల మీద.

రేవు చేరేసరికి నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. చప్పుడుకి మా మాటలు మాకే వినబడలేదు. అవతల మీ రేకుల షెడ్డూ, నీళ్ళలో నిలబెట్టిన మీ తెల్లటి కొలకర్రలూ కనిపించాయి. నువ్వు ఉత్తరాల్లో రాసినట్టే ఉన్నాయి. నాకైతే ఇంటికొచ్చినట్టే అనిపించింది. పెద్దాయన చెప్పినట్టు దిగి నడిచి చూశాను. మోకాలు దాటాయి, కాలు లాగుతున్నాయి. చెప్పు ఒకటి పోయింది. అక్కడే ఆగిపోవాలి. నాకు తెలుసు. కానీ నువ్వు అంత దగ్గర్లో ఉన్నావు. వెనక్కొచ్చి ఎక్కి, "మోకాలు దాకానేనండీ" అని మీ అమ్మగారితో అబద్ధమాడి, గేరు వేశాను. ముందు చక్రాలు నీళ్ళలోకి దిగాయి.

అప్పుడు షెడ్డులోంచి ఒక మనిషి బయటికొచ్చి, రాళ్ళ మీద నుంచి కిందికి పరుగందుకుంది, చేతిలో ఎర్రగుడ్డతో. ఆ దూరంలో మొహం తెలియదు. కానీ మెట్లు దిగేటప్పుడు ఎడమ చెయ్యి కాస్త పైకెత్తి దిగేది నాకు తెలిసి లోకంలో ఒక్కరే. బ్రేకు నొక్కాను.

"ఎందుకాపావు?" అన్నారు మీ అమ్మగారు.

"మీ అమ్మాయండీ. పరిగెత్తుకొస్తోంది."

ఆవిడ రెండు చేతులతో అద్దం తుడిచారు. లోపలి వైపు. తర్వాత చేతుల్ని అలాగే అద్దం మీద ఉంచేశారు. "నాకు ఎర్రరంగొకటే కనిపిస్తోంది. ఏం చేస్తోంది?"

"వెనక్కి పొమ్మంటోందండీ."

"మనల్నా?"

"మనల్ని కాదండీ. జీపుని."

హారన్ కొట్టాను. ఆ హోరులో నాకే వినపడలేదు. దిగి రెండు చేతులూ ఊపాను. నా తల మీద రెయిన్‌కోటు టోపీ ఉంది, మొహం ఏం కనిపిస్తుంది? నేను వాదనకి దిగాననుకున్నావేమో, నువ్వు నీళ్ళ అంచు దాకా వచ్చి ఇంకా గట్టిగా ఊపావు. నా పెళ్ళాం నన్ను అంత కోపంగా పొమ్మనడం అదే మొదటిసారి. అంత ప్రేమగా పొమ్మనడం కూడా, నిజం చెప్పాలంటే.

వెనక్కి తీశాను. జీపు గట్టెక్కేదాకా నువ్వు కదల్లేదు. ఎక్కాక చెయ్యెత్తి ఒకసారి ఊపావు. దారిన పోయేవాళ్ళకి ఊపినట్టు. నేనూ ఊపాను.

గట్టు పైన ఆపి ఇంజను కట్టేశాను. మీ అమ్మగారు ముందుకే చూస్తూ అడగడం మొదలుపెట్టారు. "చిక్కిందా?"

"లేదండీ."

"జడ వేసుకుందా?"

"జుట్టు కత్తిరించుకుందండీ. మెడ దాకానే ఉంది."

"మనకి రాయలేదే!" కొంచెం నొచ్చుకున్నారు. తర్వాత, "ఇప్పుడేం చేస్తోంది?"

"కొలకర్ర దగ్గర వంగి చూస్తోంది. ఇంకొకావిడ గొడుగు పడుతోంది. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుతున్నట్టున్నారు."

"మన గురించే అయ్యుంటుంది" అన్నారు ఆవిడ. తర్వాత, "పరిగెత్తుకొచ్చిందన్నావు. ఎలా పరిగెత్తింది?" అని అడిగారు.

"వెనకాముందూ చూడకుండానండీ. రాళ్ళన్నీ తడిగా ఉన్నాయి."

అంబులెన్సు రోజుల్లో ఎవరెవరి కోసమో ఎన్నోసార్లు మీ అమ్మగారూ అలాగే పరిగెత్తారు. చూస్తుండగానే రేవు రాళ్ళు ఒక్కొక్కటీ మునిగిపోయాయి. నువ్వు ఆపకపోతే మేము ఆ నీళ్ళ మధ్యలో ఉండేవాళ్ళం. దారి కూడా మూసుకుపోతుందని బయల్దేరాం. కొండ దిగేదాకా ఆవిడ ఎడమకి రాయి ఉందని ఒక్కసారి కూడా అనలేదు. ఇంటికొచ్చాక, "దానికి చెప్పకు, బెంగ పెట్టుకుంటుంది" అన్నారు. సరేనన్నాను. మొన్న నీ ఉత్తరంలో ఆ ముక్క చదివినప్పుడు ముందు పడీపడీ నవ్వారు, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. "రాసెయ్యి బాబూ, బుద్ధిలేనివాళ్ళం అనిపించుకున్నాక ఇంకేముంది" అన్నారు.

ఇక నీ చివరి ప్రశ్న.

ఆ రోజు నేను ఒట్టి చూపులకి రాలేదు. నిన్ను ఎక్కించుకుని తీసుకొచ్చేద్దామనే వచ్చాను. ఏం మాట్లాడాలో దారంతా మనసులో చదువుకున్నాను. గోడలకి రంగు లేకపోయినా పరవాలేదు, జీతం తక్కువైనా పరవాలేదు, ఊళ్ళో కూడా కొలవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది అని. జీపు కొన్నదే అందుకు. మీ అమ్మగారికి కూడా ఈ మాట చెప్పలేదు.

నీ కోసం ఒక కోటు కూడా కుట్టి వెనక సీటులో పెట్టుకొచ్చాను. పాత కొలతలతో కుట్టాను. అవి నాకు నోటికి వచ్చు. కానీ ఆ రోజు నువ్వు చెయ్యెత్తి జెండా ఊపుతుంటే ఇవతలి ఒడ్డు నుంచి చూస్తూ అనుకున్నాను, ఈ కోటు సరిపోదని. నీ భుజాలు మారాయి. అక్కడ నీళ్ళతో, తాళ్ళతో, ఆ రాళ్ళతో నీ ఒళ్ళు వేరేగా కుదురుకుంది. ఈ ఇంట్లో ఉన్న కొలత నీది కాదిప్పుడు. ఆ మాట తెలిశాక నేను చదువుకున్న మాటల్లో ఒక్కటి కూడా మిగల్లేదు.

అందుకని ఉండు. ఇంకో ఏడాది ఉండు. ఇష్టంగా చెబుతున్నానని అనుకోకు. నాకు ఇష్టం లేదు. ఈ రెండు ముక్కలు రాయడానికి రెండుసార్లు పెన్ను మూశాను. అయినా నువ్వు ఎవరో తెలియని ఇద్దరి కోసం తడి రాళ్ళ మీద అలా పరిగెత్తావు. అలాంటి మనిషిని మేడ మీద పుస్తకాల చప్పుడు కోసం పిలిపించుకుంటే, తర్వాత ఆ చప్పుడు నా చెవికెక్కదు.

కోటు భుజాలు విప్పేశాను. కొత్త కొలత కావాలి. అది ఉత్తరంలో కుదరదు. నువ్వు టేపు పెట్టుకుని రాసి పంపినా నేను నమ్మను, నువ్వు నదికి తప్ప దేనికీ సరిగ్గా టేపు పెట్టవు.

కాబట్టి ఒక పని చెయ్యి. రాళ్ళరేవులో నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయో నీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మోకాలికి కిందికి దిగిన వారం చూసి లారీ డ్రైవరు చేత కబురు పెట్టు. మేము బయల్దేరి వస్తాం. మీ అమ్మగారి కంటికి అప్పటికి ఆపరేషన్ అయిపోతే సరే, కాకపోతే నిన్ను తాకి చూస్తారు. నీ జుట్టు సంగతి మాత్రం ఆవిడ వదలరు, సిద్ధంగా ఉండు.

వచ్చినప్పుడు మేము రేవు ఇవతల ఆగి హారన్ కొడతాం. నువ్వు బయటికి రా. ఎర్రది కాకుండా ఏ రంగు గుడ్డ అయినా సరే, ఊపు.

ఇట్లు,
మీ అమ్మగారి డ్రైవరు,
నీ మొగుడు